ఎలక్ట్రీషియన్‌గారూ అని పిలిచి చూడండి

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారికి జ్ఞానం తెల్లవారుజామున ఐదున్నరకి వస్తుంది. మోటారు వేసి, పైన ట్యాంకు నిండేలోపు దాన్ని వాట్సాప్ గ్రూపులోకి వదులుతారు. ఆమధ్య వచ్చిన జ్ఞానం ఇది: కృత్రిమ మేధకి తాతగారి లాంటి జెఫ్రీ హింటన్, 2024లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నాయన, పిల్లలు ఏం నేర్చుకుంటే మంచిదని అడిగితే ప్లంబింగ్ నేర్చుకోమన్నాడట. అన్న మాట నిజమే, 2025లో ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. దాని కింద సెక్రటరీగారి సొంత వ్యాఖ్య: 'తల్లిదండ్రులారా, కళ్లు తెరవండి. చేతిలో పని ఉన్నవాడే రేపటి రాజు.' ఆ కింద రెండు దణ్ణాలు, మూడు జాతీయ జెండాలు.

సెక్రటరీగారి అబ్బాయి బీటెక్ చేసి బెంగళూరులో జావా రాస్తాడు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా చదివించే కాలేజీ, దాని హాస్టల్లోనే తిండీ నిద్రా. ఈ ఇద్దరి విషయంలోనూ తండ్రిగారి కళ్లు హాయిగా మూసే ఉన్నాయి.

తెరిచింది మాత్రం వాచ్‌మన్ కొడుకు విషయంలో. ఆ కుర్రాడికి పదో తరగతిలో 531 మార్కులొచ్చాయి. మిఠాయి డబ్బా పట్టుకుని వస్తే సెక్రటరీగారు ఒక ముక్క తీసుకుని, సెల్లార్‌లో కారు తుడిపించుకుంటూ మొదలుపెట్టారు.

"తర్వాతేంట్రా?"

"ఎంపీసీ తీసుకుందామనుకుంటున్న సార్."

"ఎంపీసీ ఏం చేసుకుంటావురా? ఇంజినీర్లు వీధికి పదిమంది ఉన్నారు. ఐటీఐలో చేరు. రెండేళ్లు కళ్లు మూసుకుంటే ఎలక్ట్రీషియన్‌వి. నెలకి యాభై వేలు ఎక్కడికీ పోవు. అమెరికాలో అయితే వాళ్లే రాజులు, తెలుసా?"

కుర్రాడు తలూపాడు. వాళ్ల నాన్న చేతులు కట్టుకుని ఇంకా గట్టిగా తలూపాడు. నేను స్కూటర్ తీస్తూ గమనించింది ఒకటే. ఉపదేశం కూడా నీళ్లలాంటిదే, మూడో అంతస్తులో వదిలితే తిన్నగా సెల్లార్‌లోకే వస్తుంది. పైకి ఎక్కాలంటే దానికీ మోటారు కావాలి.

ఇంతకీ ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే ఇక్కడ చిక్కు. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం 2023లో లిఫ్టులు బిగించి, మరమ్మతు చేసేవాళ్ల మధ్యస్థ ఆదాయం ఏడాదికి లక్షా రెండు వేల డాలర్ల పైమాటే. ఎలక్ట్రీషియన్‌కీ ప్లంబర్‌కీ అరవై వేల డాలర్లు దాటింది. డల్లాస్‌లో ఉండే మా బాబాయి కొడుకు ఆదివారంపూట కిచెన్ సింకు కింద పడుకుని, ఫోన్లో వీడియో చూస్తూ తనే పైపు బిగించుకుంటాడు. హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ బల్బు కూడా మార్చనివాడు. ప్లంబర్ వచ్చి తలుపు తట్టినందుకే తీసుకునే మొత్తం ఎంతో వాడికి ఒకసారి అనుభవమైంది. వాడికి శ్రమ మీద గౌరవం పుస్తకాల్లో దొరకలేదు, బిల్లులో దొరికింది.

అయితే ఆ బిల్లు కటింగ్ ప్లేయర్‌లోంచి పుట్టలేదు. అక్కడ ఎలక్ట్రీషియన్ కావాలంటే నాలుగైదేళ్లు అప్రెంటిస్‌గా పనిచేయాలి, ఏడాదికి రెండు వేల గంటల లెక్కన. ఆ నేర్చుకునే కాలంలోనూ జీతం ఇస్తారు, ఏడాదేడాదికీ పెంచుతారు. చాలా రాష్ట్రాల్లో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. కొత్త వైరింగు చేస్తే ఊరి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సరేనంటే తప్ప గోడ మూయరు. చాలాచోట్ల యూనియన్ ఉంది, బేరం అదే ఆడుతుంది. అంటే, పని రానివాడిని ఆ పనిలోకి రానివ్వరు, వచ్చినవాడిని చవగ్గా పోనివ్వరు.

మనకీ చట్టాలకేం కొదవ? వైర్‌మన్ పర్మిట్ ఉంది, లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే వైరింగు చేయాలనే నిబంధన ఉంది. ఇల్లు కట్టినవాళ్లు ఒక్కసారి గుండె మీద చెయ్యి వేసుకోండి. మీ ఇంటికి వైర్లు లాగినవాణ్ని పర్మిట్ చూపించమని అడిగారా? "పాయింటుకి ఎంత?" అని అడిగారు. పక్కవాడు పాయింటుకి ఇరవై తక్కువ చెబితే వాడికిచ్చారు. వాడు ఎర్తింగ్ వైరు ఎక్కడిదాకా లాగాడో, గీజరు కింద తల రుద్దుకునేటప్పుడు మీకు తెలుస్తుంది. లేదా తెలిసే అవకాశమే ఉండదు.

ఇక అసలు కథ. జులైలో ఒక వానరోజు రాత్రి ఎనిమిదింటికి మా అపార్ట్‌మెంట్లో విచిత్రం జరిగింది. మా ఫ్లాట్‌లో ఫ్యాన్ మూలుగుతూ తిరుగుతోంది, ట్యూబులైటు వెలగనంటోంది. అదే సమయానికి మూడో అంతస్తులో సెక్రటరీగారింట్లో బల్బులు పెళ్లివారింట్లోలా వెలిగిపోతున్నాయట. ఆయన 'మాకు కరెంటు బాగుంది' అని గ్రూపులో పెట్టారు. మరో నిమిషానికి 'టీవీ దగ్గర వాసన వస్తోంది' అని పెట్టారు.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, తడిసిన రెయిన్‌కోటు, ముందు చక్రం మీద మడ్‌గార్డు లేని బండి. సెల్లార్‌లో దిగి విషయం రెండు ముక్కల్లో విని, మొదట చేసిన పని మెయిన్ దింపేయడం. భవనమంతా చీకటయ్యేసరికి పైనుంచి అరుపులు. ఆయన పట్టించుకోకుండా నోట్లో టార్చి పెట్టుకుని ప్యానెల్ బోర్డు తలుపు తీశాడు. మూడు ఫేజుల వైర్లు దిట్టంగా ఉన్నాయి. నాలుగోది, న్యూట్రల్, దాని లగ్గు దగ్గర నల్లగా మాడి, వేలితో తాకితే ఊగుతోంది. "ఇదీ సంగతి" అన్నాడు. న్యూట్రల్ పట్టు తప్పితే ఇంటింటికీ రావాల్సిన 230 వోల్టులు వాటాలు తప్పుతాయి. వాడకం ఎక్కువున్న ఫేజు మీది ఇళ్లకి నూటయాభై, వాడకం తక్కువున్న ఇళ్లకి మూడొందలు దాటి. నా ఫ్యాన్ ఆకలికి మూలుగుతోంది, సెక్రటరీగారి టీవీ అజీర్తితో కాలుతోంది. మాడిన ముక్క కోసేసి, రాగి మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు పెట్టి క్రింప్ చేసి, బోల్టు బిగించి, మీటరు పెట్టి మూడు ఫేజులకీ న్యూట్రల్‌తో కొలిచి చూసుకున్నాకే మెయిన్ ఎత్తాడు. పావుగంట. ఇంకో గంట ఆలస్యమైతే అయిదంతస్తుల్లో ఎన్ని ఫ్రిజ్జులు పోయేవో ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు.

"ఎంత?" అన్నారు సెక్రటరీగారు.

"ఎనిమిది వందలు ఇవ్వండి సార్, లగ్గు నాదే."

"పావుగంట పనికి ఎనిమిది వందలా? ఏమయ్యా, గంటకి మూడు వేలా నీకు? మా అబ్బాయికి కూడా రాదు!"

ఇదే సెక్రటరీగారు ఏడాదికి కనీసం నాలుగుసార్లు గ్రూపులో పంపే కథ ఒకటుంది. ఓడ ఇంజను ఆగిపోతే ముసలి మెకానిక్ వచ్చి సుత్తితో ఒక్క దెబ్బ కొడతాడు, పది వేల బిల్లిస్తాడు, కొట్టినందుకు ఒక రూపాయి, ఎక్కడ కొట్టాలో తెలిసినందుకు మిగతాది. దాని కింద చప్పట్ల బొమ్మలు మేమే పెడతాం. ఓడ మెకానిక్ మా సెల్లార్‌కి రెయిన్‌కోటుతో వస్తే మాత్రం అయిదొందలకి తెగింది బేరం. "మళ్లీ పని ఉంటే నిన్నే పిలుస్తాలే" అనేది మిగతా మూడొందలకి ఇచ్చిన హామీపత్రం. ఆ రాత్రి అక్కడ నిలబడ్డ తొమ్మిదిమందిలో నేనూ ఒకణ్ని. మూడొందలు నేనిస్తానని అనలేదు. అసోసియేషన్ వ్యవహారం కదా అనుకున్నాను. పెద్దమనుషులం అందరం ఇలాగే ఏదో ఒకటి అనుకుంటాం.

బేరం పోనీయండి, వ్యాకరణం సంగతి చూడండి. సెక్రటరీగారు తన కొడుకు వయసున్న పెంట్‌హౌసు కుర్రాణ్ని, సాఫ్ట్‌వేర్ కాబట్టి, "మీరు" అంటారు. తనకంటే పదేళ్లే చిన్నవాడైన ఎలక్ట్రీషియన్‌ని "నువ్వు" అంటారు, పని బాగా నచ్చితే "నాయనా" అంటారు. తెలుగులో "గారు" అనే మాట మహా తెలివైనది, ఎవరికి అతుక్కోవాలో దానికి తెలుసు. డాక్టరుగారు, లాయరుగారు, ఇంజనీరుగారు, పూజారిగారు, ఎస్సైగారు. ఇప్పుడు పైకి గట్టిగా "ప్లంబర్‌గారూ" అని పిలిచి చూడండి. "ఎలక్ట్రీషియన్‌గారూ" అనండి. నోరు ఎక్కడో తడబడుతుంది, వెక్కిరిస్తున్నట్టు వినిపిస్తుంది. పిలిపించుకున్నవాడు కూడా వెనక్కి తిరిగి ఇంకెవరినో అనుకుంటాడు. మన ఫోన్లలో వాళ్లకి ఇంటిపేర్లుండవు. ఏసీ శీను, గీజర్ రాజు, ఆర్వో బాషా. పాడయ్యే వస్తువే వాళ్ల ఇంటిపేరు.

దీనికి మూలం ఐటీఐలో లేదు, అంతకు చాలా ముందే ఉంది. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి అంటూ పనినే కులం చేసి, కులాన్ని ఊరి చివరిదాకా మెట్లుమెట్లుగా పేర్చినవాళ్లం. ఇప్పుడు ఆ మెట్ల పైన నిలబడి "ఏ పనైనా గొప్పదే" అంటున్నాం. అక్కణ్నుంచి అనడం సుళువు. కిందివాడు తలెత్తి వినాలి, అంతే.

మా పక్క గేటెడ్ కమ్యూనిటీలో ఇంకా నాజూకైన ఏర్పాటుంది. రెండు లిఫ్టులు. ఒకటి నివాసులకి, రెండోది 'సర్వీసు వారికి' అని బోర్డు. ఒకసారి నివాసుల లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, పైన మెషీన్ రూములో ఒకటిన్నర గంట కూర్చుని, బ్రేకు సరిచేసి, ఖాళీ లిఫ్టుని పైకీ కిందికీ పదిసార్లు నడిపి చూసి, సరేనన్నాక పనిముట్ల సంచి భుజాన వేసుకుని అదే లిఫ్టులో కిందికి దిగబోయాడు. సెక్యూరిటీ ఆపాడు. సర్వీసు లిఫ్టులో వెళ్లమన్నాడు. అది ఆరోజు సామాను ఎక్కిస్తూ బిజీగా ఉంది. మెకానిక్ పదకొండు అంతస్తులు మెట్లు దిగాడు. అమెరికాలో లక్ష డాలర్లు తెచ్చే వృత్తి ఇదే.

పెళ్లిళ్ల బజారుకి రండి. నెలకి అరవై వేలు సంపాదించే ఏసీ మెకానిక్‌కి సంబంధం చూడమంటే పెళ్లిళ్ల పేరమ్మ నిట్టూరుస్తుంది. 'అబ్బాయి మంచివాడే, కానీ ఫీల్డ్ వర్కు' అంటుంది. ఐటీ కంపెనీల్లో కొత్తవాళ్లకిచ్చే ప్యాకేజీ పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, నాలుగు లక్షల దగ్గరే చతికిలబడి ఉందని ఆవిడకీ తెలుసు. అయినా ఆ అబ్బాయి 'సాఫ్ట్‌వేర్'. అందువల్ల ఏసీ మెకానిక్ బయోడేటాలో 'హెచ్‌వీఏసీ సిస్టమ్స్, సొంత బిజినెస్' అని రాయించుకున్నాడు. ఇందులో ఒక మినహాయింపు ఉంది, ముద్దొచ్చేది. అదే స్తంభం, అదే ప్లేయరు, అదే ప్రమాదం, కానీ కరెంటు డిపార్ట్‌మెంటులో జూనియర్ లైన్‌మన్ అయ్యాడనుకోండి, సంబంధాలు గేటు దగ్గర వరస కడతాయి. అంటే మనకి చేతిపని మీద కోపం లేదు. దాని వెనక సర్కారు జీతం, పెన్షను ఖాతా లేకపోవడం మీదే కోపం. స్తంభం ఎక్కిన మనిషి ఎప్పుడూ కనబడలేదు, ఎక్కించిన ఆఫీసే కనబడింది.

సర్కారుకీ ఈ విషయంలో భక్తి తక్కువేం కాదు. చేతివృత్తుల శిక్షణ పథకం పేరుతో ఐటీఐల కథ 1950లో మొదలైంది, అప్రెంటిస్‌షిప్ చట్టం 1961లో వచ్చింది. నైపుణ్యాల మిషన్‌ని 2015 జులై 15న ఆర్భాటంగా ప్రారంభించారు. అప్రెంటిస్‌కి నెలనెలా ఇచ్చే కనీస స్టైపెండుని 2019లో సవరించినప్పుడు అది చదువుని బట్టి అయిదు వేల నుంచి తొమ్మిది వేల రూపాయల మధ్య తేలింది. రేపటి రాజుకి ఈనాటి రాజభరణం. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు, విశ్వకర్మ పేరుతో పథకం పెట్టి 18 వృత్తుల వాళ్లకి పనిముట్లకని పదిహేను వేలు ఇస్తామన్నారు. మంచిదే. ఆ జాబితాలో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి ఉన్నారు. ఎలక్ట్రీషియన్ లేడు, ప్లంబరు లేడు. తాతల నాటి కులవృత్తిలోనే ఉండిపోయినవాడు విశ్వకర్మ. దాన్ని దాటి కొత్త పని నేర్చినవాడు ఏసీ శీను.

ఆ భక్తి పక్కనే ఇంకో భక్తి వేగంగా పెరిగింది. ఫీజు రీయింబర్స్‌మెంటు పుణ్యమా అని ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగు కాలేజీలు ఏడొందలు దాటాయి. కొన్ని కాలేజీల వర్క్‌షాపులో లేత్ మీద దుమ్ము తుడిచేది తనిఖీ బృందం వచ్చే రోజే. కాబట్టి సెక్రటరీగారు చెప్పినట్టు వీధికి పదిమంది ఇంజినీర్లున్నారన్నది నిజమే. ఆ పదిమందిలో ఒకడు ఆయనింట్లోవాడే, ఇంకొకరు ఆయనింట్లోనే తయారవుతున్నారన్నదే ఆయన చెప్పని సగం. చేతిపనికి దక్కే గుర్తింపు సంగతీ చూడండి. 2019లో రష్యాలోని కజాన్‌లో జరిగిన వరల్డ్‌స్కిల్స్ అనే వృత్తి నైపుణ్యాల పోటీల్లో వాటర్ టెక్నాలజీ విభాగంలో మన దేశానికి బంగారు పతకం వచ్చింది. ఆ రోజు మా గ్రూపులో ఏం ఫార్వర్డులు వచ్చాయో వెనక్కి వెతికాను. ఎంసెట్ ర్యాంకు తెచ్చుకున్న ఎవరో అమ్మాయి ఫోటో ఉంది, కరివేపాకుతో షుగరు తగ్గించడం ఉంది.

దసరాకి మాత్రం మా సెల్లార్‌లో ఆయుధపూజ ఘనంగా చేస్తాం. మోటారుకి, లిఫ్టుకి, ప్యానెల్ బోర్డుకి పసుపూ కుంకుమా. వాచ్‌మన్ దగ్గరున్న స్క్రూడ్రైవర్‌కి కూడా బొట్టు. సెక్రటరీగారే స్వయంగా గుమ్మడికాయ కొడతారు. మరుసటిరోజు ఆ స్క్రూడ్రైవరు పట్టుకునే చెయ్యి దాహానికి నీళ్లడిగితే స్టీలు గ్లాసుల్లోంచి కాకుండా, గూట్లో విడిగా పెట్టిన ప్లాస్టిక్ గ్లాసులోంచి వస్తాయి. అది శుభ్రత కోసమట.

'నెలకి యాభై వేలు ఎక్కడికీ పోవు' అన్న సెక్రటరీగారి మాట గురించి నేను ఎలక్ట్రీషియన్‌నే అడిగాను, తర్వాత ఒకరోజు మా ఇంట్లో గీజరు ఎలిమెంటు మారుస్తుండగా. బాత్రూము గట్టు మీద ఒంటికాలి మీద నిలబడి, పాత ఎలిమెంటు మీద గడ్డకట్టిన తెల్లటి ఉప్పు పొర నాకు చూపిస్తూ చెప్పాడు. "పని ఆగదు సార్, అది నిజం. మనిషే ఆగుతడు. మూడేండ్ల కింద నిచ్చెన మీదికెళ్లి పడ్డ, రెండు నెలలు మంచంల ఉన్న. ఆ రెండు నెలలు ఎవరిస్తరు? పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఫోన్లు మాత్రం వచ్చినయ్, ఎప్పుడొస్తవని." నెలకి నలభై వస్తాయి, వానాకాలం ఇంకా ఎక్కువ, ఎండాకాలం ఏసీలతో ఇంకా ఎక్కువ అన్నాడు. బాకీలు పోగా, అన్నాడు. బాకీలు ఎక్కువ ఏ వీధిలో అని అడిగితే నవ్వి, పెద్ద ఇళ్లున్న కాలనీ పేరు చెప్పాడు. ఆయన కూతురు బీటెక్ రెండో సంవత్సరం. మీ పనిలోకి ఎందుకు తేలేదు అని అడగబోయి, ఆ ప్రశ్న సెక్రటరీగారిదిలా ఉందనిపించి మానేశాను. ఆయనే చెప్పాడు, నేను అడగకపోయినా. "ఆమె యాడికి వోయినా కుర్చీ ఏస్తరు సార్." అప్పటికి ఆయన మా ఇంట్లో గంటసేపటి నుంచీ నిలబడే ఉన్నాడు. కుర్చీ వేయాలని నాకు అప్పుడు తట్టింది. వేస్తే వద్దన్నాడు, బట్టలకి మట్టుందని.

వాచ్‌మన్ కొడుకు ఎంపీసీలోనే చేరాడు, సర్కారు జూనియర్ కాలేజీలో. సెక్రటరీగారు రెండు రోజులు నొచ్చుకున్నారు, మంచి మాట చెప్పినా వినే రోజులు కావని. బాగా చదివి ఇంజినీరైతే బెంగళూరు కుర్రాడికి పోటీ ఒకడు పెరుగుతాడన్న ఆలోచన ఆయనకు వచ్చి ఉంటుందని నేననను. అంత దూరాలోచన ఆయనకు లేదు.

మొన్న దసరా సెలవుల్లో, ఆయుధపూజ అయిన రాత్రే, మళ్లీ కరెంటు పోయింది. వీధిలో అందరికీ ఉంది, మాకే లేదు. సెక్రటరీగారు ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశారు. స్పీకర్లో అందరం విన్నాం. ఊళ్లో లేడట, సద్దుల బతుకమ్మకి సొంతూరికి వెళ్లినవాడు దసరా అయ్యాకే వస్తాడట. ఇంకొకాయన ఎత్తలేదు. మూడో ఆయన వస్తానన్నాడు, పండుగ రాత్రి కాబట్టి రెండు వేలు, ముందే ఫోన్‌పే చేయాలన్నాడు. "రెండు వేలా!" అని సెక్రటరీగారు ఫోన్ పెట్టేసి సెల్లార్‌లో అటూ ఇటూ తిరిగారు. ప్యానెల్ బోర్డు నుదుట కుంకుమ ఇంకా తడిగానే ఉంది.

బెంగళూరు అబ్బాయి అప్పటికే సెలవు మీద వచ్చి ఉన్నాడు. తండ్రి వెనక నిలబడి ఫోన్ టార్చి పట్టుకుని వెలుగు చూపిస్తున్నాడు. రెండో అంతస్తు పెద్దావిడ మెట్ల మీద కూర్చుని, విసనకర్రతో విసురుకుంటూ అమాయకంగా అడిగింది.

"ఏమండీ, మీవాడు బీటెక్ కదా. ఏం బ్రాంచి?"

సెక్రటరీగారు తిరిగి చూశారు. అబ్బాయి టార్చి కొంచెం కిందికి దించాడు.

"వాడు చదివింది ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ అండీ" అన్నారు ఆయన. "కరెంటు పని రాదు."